సుగుణ చేతి బొంత

వానలు వెనకబట్టి, చలి ఇంకా మొదలుకాని రోజుల్లో మన ఇళ్ళల్లో సందుగలు తెరుచుకుంటాయి. మడతపెట్టిన బొంతలు బయటికి వస్తాయి. ఎండకు వేస్తాం, దులుపుతాం, మళ్ళీ కప్పుకుంటాం. వాటిని కుట్టిన చేతుల గురించి మాత్రం పెద్దగా ఆలోచించం. నర్మెట్టలో ఒక కుటుంబానికి ఆ చేతుల గురించి ఆలోచించక తప్పలేదు. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బడులు మూతబడ్డాయి. బస్సులు డిపోలు దాటడం లేదు. భూపాలపల్లి దిక్కు బొగ్గు గనుల్లో పని ఆగిపోయి, ఊళ్ళల్లో కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని కాలం.

ఆ ఉదయం సుగుణ పెరటి వరండాలో కూర్చుని బొంత అంచు మడుస్తోంది. ఎదురుగా తండా నుంచి వచ్చిన రామి సూదిలోకి దారం ఎక్కిస్తోంది. భుజాన కండువాతో సుగుణ అన్న రఘునాథ్ అక్కడికి వచ్చాడు. ఆయన ఊళ్ళో భూమీ పలుకుబడీ ఉన్న మనిషి. చౌరస్తా దగ్గర వేసిన దీక్షా శిబిరానికి ఆయనే పెద్ద దిక్కు.

"చెల్లె, శిబిరంల కింద పరుసుకోను ఏం లేదు. నేలంత తడితడి ఉన్నది. నీ తాన బొంతలున్నయి గదా, కొన్ని ఇస్తవా?" అని అడిగాడు.

సుగుణ ముఖం విప్పారింది. కాసేపు ఆగమని చెప్పి లోపలికి వెళ్ళి బొంతలూ, ఒక చిన్న కెమెరా తెచ్చింది. ఏ బొంతైనా ఇల్లు దాటే ముందు దానికొక ఫొటో తీసుకోవడం ఆమెకు అలవాటు. కొట్టం నీడ ఆగిపోయే చోట నులకమంచాన్ని నిలబెట్టి, దానిమీద బొంతను వేలాడదీసింది. ముడత పడకుండా రామి ఒక కొస పట్టుకుంది. బొంతకు ఫొటో ఏందని రఘునాథ్ నవ్వాడు గాని, ఓపిగ్గానే నిలబడ్డాడు. సుగుణ ఆయన అడిగినదానికంటే ఎక్కువ బొంతలే ఇచ్చి పంపింది. అవి ఆటోలోకి ఎక్కుతుంటే, బడికి పోతున్న పిల్లలను చూసినట్టు చూసింది.

ఆ కెమెరా ఆమె భర్త దామోదర్‌ది. ఆయన జనగామలో ఫొటో స్టూడియో నడిపేవాడు. పెళ్ళయిన కొత్తలో సుగుణను పక్కన నిలబెట్టుకుని వెలుతురు గురించి చెప్పేవాడు. నిండు ఎండలో రంగు వెలిసిపోతుంది, చీకట్లో ముడుచుకుంటుంది, నీడ అంచున పెడితేనే ఉన్నది ఉన్నట్టు పలుకుతుంది అనేవాడు. నాలుగేళ్ళ కింద ఒక మధ్యాహ్నం స్టూడియోలోనే గుండె పట్టుకుని కూలిపోయాడు. వాళ్ళకు పిల్లలు లేరు. నేనుండంగ నా చెల్లెకేం తక్కువ అని రఘునాథ్ ఆమెను ఇంటికి తీసుకొచ్చాడు.

ఆ మాట ఆయన నిలబెట్టుకున్నాడు. తిండికీ బట్టకూ లోటు రానివ్వలేదు. వదినె పుష్పలీల ఏనాడూ కసురుకోలేదు. అయినా ఆ ఇంట్లో కొన్ని నియమాలు ఎవరూ చెప్పకుండానే ఏర్పడిపోయాయి. ఎవరైనా మంచి పనికి బయల్దేరుతుంటే సుగుణ వెనక గదిలోకి వెళ్ళిపోయేది. శుభకార్యమైతే వంటింట్లో ఉండేది, పీటల దగ్గరికి వచ్చేది కాదు. దామోదర్ ఉన్నప్పుడు కట్టిన చిలకపచ్చ చీరలు, పసుపు చీరలు, కుంకుమ రంగు చీరలు పెట్టె అడుగుకు చేరాయి. ఇక కట్టేది లేదు కదా, ఎవరికైనా ఇచ్చేయరాదా అని పుష్పలీల ఒకసారి మామూలుగానే అంది. సుగుణకు చేతులు రాలేదు. ఒకనాడు కత్తెర తీసుకుని పసుపు చీరను చదరపు పలకలుగా కత్తిరించింది. ఆ పలకలను పాత నేతచీర పొరల మీద పేర్చి కుట్టడం మొదలుపెట్టింది. ఒంటిమీదికి రాకూడదన్న రంగులన్నీ అలా ఒళ్ళోకి వచ్చి కూర్చున్నాయి.

చేతిపని తెలిసినవాళ్ళకే ఆ సుఖం తెలుస్తుంది. ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టాలో తోచక రెండు రోజులు తిరగడం, మూడోనాడు కూర తరుగుతుంటే ఉన్నట్టుండి తోచడం, చెయ్యి కడుక్కుని పరుగెత్తి పేర్చుకోవడం, పేర్చింది కుదిరితే ఇల్లంతా తనదే అనిపించడం. మధ్యాహ్నాలు రామి వచ్చేది. ఆమె పెనిమిటి హైదరాబాదులో కూలిపనికి పోయి, బస్సులు లేక అక్కడే చిక్కుకుపోయాడు. రామి కుడుతూ తన భాషలో పాట అందుకునేది. మాటలకు అర్థం తెలియకపోయినా సుగుణ సూది ఆ పాట నడకలో పడేది. కరెంటు వచ్చినప్పుడు కెమెరాకు చార్జింగు పెట్టుకుని, ఇద్దరూ తలలు కలిపి ఆ చిన్న తెరలో పాత ఫొటోలు చూసుకునేవారు. ఇక్కడ కుట్టు వంకర పోయింది, అక్కడ ఆ ఎరుపు బాగా కూర్చుంది అని తమలో తాము వాదించుకునేవారు.

రఘునాథ్ కూతురు శ్రీలత తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పటి నుంచి సుగుణ ఇంకో చిన్న బొంత మొదలుపెట్టింది. ఉన్న పాత చీరల్లో మెత్తనివి ఏరి, మూడుసార్లు ఉతికి ఆరేసి, పొరలు వేసింది. నడుమ దామోదర్ మొదటి ఏడు కొన్న చిలకపచ్చ చీర ముక్క పెట్టింది. అద్దాలు కుడదామంటే రామి ఒప్పుకోలేదు. పసిబిడ్డ ఒంటికి గుచ్చుకుంటాయని చెప్పి, అంచు పొడవునా రంగు దారంతో చిన్న చిన్న ముక్కోణాలు కుట్టింది. బొంత పెరుగుతున్నకొద్దీ సుగుణ ఫొటోలు తీస్తూనే ఉంది.

శ్రీలతకు నొప్పులు మొదలైతే ఆటోలో జనగామ దవాఖానకు తీసుకుపోయారు. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా ఇంటికి వచ్చే రోజున సుగుణ చివరి ముడి వేసి, బొంతను ఉతికి, పెరట్లో తీగమీద ఆరేసింది. అది ఆరే వేళకు, అదే ఇంట్లో ఉండే సుగుణ తల్లి సత్తెమ్మ వచ్చి దాన్ని చేత్తో తడిమి చూసింది. చాలాసేపు చూసింది.

"బిడ్డా, బొంత మంచిగున్నది. గని పసిపిల్లకు మన చేతిది వద్దు" అంది.

సుగుణకు ముందు అర్థం కాలేదు. 'మన' అన్న మాట దగ్గర అర్థమైంది. సత్తెమ్మ భర్త పోయి ఇరవై మూడేళ్ళు.

"నేను వద్దంటలేను. లోకం వద్దంటది. రేపు పిల్లకు జర జొరమొచ్చినా గీ బొంత దిక్కే చూస్తరు. గా మాట నువ్వు పడలేవు" అని సత్తెమ్మ తీగమీది బొంతను తీసి మడిచి తన సందుగలో పెట్టేసింది. ఆ గొంతులో కోపం లేదు. సుగుణ ఖాళీ తీగను కొంగుతో తుడిచి లోపలికి వెళ్ళింది. శ్రీలత వచ్చేసరికి పిల్ల కింద వేయడానికి పుష్పలీల తెప్పించిన కొత్త దుప్పటి ఉంది. బొంత సంగతి బాలింతకు ఎవరూ చెప్పలేదు.

వారం గడిచింది. శిబిరం దగ్గర వంటా వార్పు పెట్టారు. ఊరి ఆడవాళ్ళంతా రోడ్డుమీద పొయ్యిలు పెట్టి వండుతున్నారు. బియ్యం గంప ఎత్తుకుని సుగుణా రామీ, వాళ్ళ వెనక సత్తెమ్మా వెళ్ళారు. టెంటు కింద తన బొంతలమీద ఊరి పెద్దలు, టీచర్లు, బీడీ కార్మికులు పక్కపక్కన కూర్చుని ఉండటం చూసి సుగుణకు ఒళ్ళు పులకరించింది. మైకులో రఘునాథ్ గొంతు వినిపిస్తోంది.

"మన మాటను సినిమాల్ల ఎక్కిరిచ్చిండ్రు. మన యాసను రౌడీ నోట్లె పెట్టి నవ్విండ్రు. మనం పుట్టంగనే తక్కువోళ్ళమని ఎవరు రాసిండ్రు? గిట్ల రాసినోళ్ళను అడిగేటందుకే గీ దీక్ష."

అందరితో పాటు సుగుణ కూడా చప్పట్లు కొట్టింది. హన్మకొండ నుంచి వచ్చిన ఒక పెద్దాయన తాను కూర్చున్న బొంతను తట్టి చూసి, ఇది ఎవరి పని అని అడిగాడు. మా చెల్లె కుట్టింది అని రఘునాథ్ గర్వంగా చెప్పాడు. ఇటువంటి చేతులు ఇంట్లో ఉండటం మీ అదృష్టం అన్నాడాయన. రఘునాథ్ అవునన్నట్టు తలాడించాడు.

ఆ మాట సుగుణ చెవిన పడింది. వందమంది ముందు అదృష్టం అనిపించుకున్న చేతులు, ఇంటికి పోతే పసిపిల్ల దగ్గరికి రాకూడనివి ఎట్లా అవుతాయి? ఇన్నేళ్ళలో ఆమె తన దుఃఖం గురించి ఏడ్చింది గాని, ఇలా ఎందుకని ఎన్నడూ అడగలేదు. ఆనాడు మొదటిసారి, పొయ్యి పొగలో నిలబడి, ఆ ప్రశ్న తనలో తాను వేసుకుంది. పైకి మాత్రం గంప దించి బియ్యం కడగడానికి కూర్చుంది.

శ్రీలత బాలింత. మంచం మీద ఊరికే కూర్చోవడం విసుగు. ఒక సాయంత్రం మేనత్త కెమెరా తీసుకుని ఫొటోలు ఒక్కొక్కటే చూస్తూ పోయింది. పెద్ద బొంతలన్నీ అయిపోయాక చిన్నదొకటి వచ్చింది. ముందు చిలకపచ్చ ముక్క ఒక్కటే. తర్వాత దాని చుట్టూ పసుపు. తర్వాత అంచు. చివరి ఫొటోలో బొంత పూర్తయి, పెరట్లో తీగమీద నీళ్ళు కారుతూ ఉంది.

"అత్తా, గీ చిన్న బొంత ఎవలి కోసం? ఏది మరి?" అని అడిగింది.

సుగుణ పిల్లకు గాలి విసురుతోంది. అబద్ధం చెప్పడం ఆమెకు రాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. శ్రీలత ముఖం మారిపోయింది. ఆమె టీచరు. బడిలో పిల్లలకు అందరూ సమానమని చెప్పి చెప్పి నోరు అలవాటైన మనిషి. తన ఇంట్లో తన బిడ్డ పేరుమీద జరిగిన ఈ పని తనకే తెలియలేదని సిగ్గుపడింది. బాపమ్మా అని నాయనమ్మను పిలిచింది.

వడ్ల గింజలు చెరుగుతున్న సత్తెమ్మ చాట పక్కన పెట్టి వచ్చింది. గడప దగ్గర రామి కూడా ఉంది. శ్రీలత గొంతు పెంచలేదు. నా బిడ్డకు కుట్టిన బొంతను నన్ను అడగకుండా ఎందుకు దాచావు, నేను పుట్టినప్పుడు నాకు బొంత ఎవరు కుట్టారు అని మాత్రం అడిగింది. సత్తెమ్మ చేతులకంటిన పొట్టు దులుపుకుంది. 

రామి మెల్లగా అందుకుంది. "అవ్వా, నేను చెప్పనా? గప్పుడు నేను చిన్నపిల్లను, గని యాదికున్నది. మా తమ్ముడు జగన్ పుట్టిన నెలల మా యాడి గీ ఇంటి నుంచే బొంత తెచ్చింది. ఎర్రంచు బొంత. నువ్వే ఇచ్చినవట."

యాడి అంటే వాళ్ళ భాషలో తల్లి. సత్తెమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. అప్పుడు చెప్పింది. శ్రీలత పుట్టడానికి కొద్దిగా ముందే ఆమె భర్త పోయాడు. దుఃఖం మరిచిపోవడానికి మనుమరాలికి బొంత కుట్టుకుంది. ఇంట్లో పెద్దలు దాన్ని పిల్ల దగ్గరికి రానివ్వలేదు. పారేయలేక తండాలో కాన్పయిన రామి తల్లికి ఇచ్చేసింది. ఆ తర్వాత సూది ముట్టలేదు.

"మా తమ్ముడు గా బొంత మీదనే బోర్ల పడ్డడు, పారాడిండు. ఇప్పుడు యూనివర్సిటీల చదువుతుండు. మాకు గది మంచి బొంతనే అయింది అవ్వా" అంది రామి.

 సత్తెమ్మ లేచి, చాట తీసుకుని, చీకటి పడేదాకా గింజలు చెరుగుతూనే కూర్చుంది.

పిల్లను తొట్టెలలో వేసే రోజు వచ్చింది. చిట్యాల నుంచి శ్రీలత అత్తవారు జీపు మాట్లాడుకుని వచ్చారు. హాలు నడుమ తొట్టెల కట్టి పూలు చుట్టారు. ముత్తయిదువలు చుట్టూ చేరారు. సుగుణ ఎప్పటిలాగే వంటింట్లో ఉంది. పాయసంలో గరిటె తిప్పుతూ పాటలు వింటోంది. అంతలో తల్లి పిలిచింది.

"సుగుణా, గిటు రా బిడ్డా."

హాలు గుమ్మం దగ్గరికి వచ్చి సుగుణ ఆగిపోయింది. సత్తెమ్మ తొట్టెల పక్కన నిలబడి ఉంది. ఏ శుభకార్యంలోనూ ఆమె అంత ముందుకు వచ్చింది లేదు. చేతిలో చిన్న బొంత ఉంది. పుష్పలీల గాబరాగా దగ్గరికి వచ్చి, వియ్యపురాలు చూస్తున్నదని చెవిలో చెప్పింది. చూడనీ అన్నట్టు సత్తెమ్మ ఆమె చెయ్యి మెత్తగా తప్పించి, వియ్యపురాలి వైపే తిరిగింది.

"అమ్మా, దాచేది ఏం లేదు. గీ బొంత నా బిడ్డ సుగుణ కుట్టింది. దీని మొగడు పోయిండు. నా మొగడూ పోయిండు. గీ శ్రీలత పుట్టినప్పుడు నేను కుట్టిన బొంతను వద్దంటే నోరు మూసుకున్న. మొన్న నా బిడ్డ కుట్టినదాన్ని నేనే వద్దన్న. నేను పడ్డదే దానికీ పెట్టిన. మొగడు పోతే మాకు దుఃఖం వచ్చింది గని, చేతులకు పాపం రాలే."

తర్వాత కొడుకు వైపు చూసింది. రఘునాథ్ గుమ్మం అవతల అతిథులతో నిలబడి ఉన్నాడు.

"రఘూ, నువ్వు గీ చేతులు కుట్టిన బొంతల మీద కూసోనే మర్యాద గావాలని అడుగుతున్నవు. మనం పుట్టంగనే తక్కువోళ్ళమని ఎవరు రాసిండ్రంటున్నవు. మొగడు పోంగనే మేం తక్కువోళ్ళమని ఎవరు రాసిండ్రు బిడ్డా? శిబిరంల అదృష్టమైన చేతులు నీ ఇంట్ల అపశకునమెట్లయితయి?"

రఘునాథ్ తల వంచుకున్నాడు.   మెల్లగా లోపలికి వచ్చి తల్లి చేతిలోంచి బొంత తీసుకుని చెల్లెలి చేతికి ఇచ్చాడు.

"నువ్వే పరుసు చెల్లె" అన్నాడు. ఆ గొంతు మైకు ముందు వినపడే గొంతు కాదు.

అందరూ వియ్యపురాలి వైపు చూశారు. ఆమె సుగుణ దగ్గరికి వచ్చింది. "మా దిక్కు గూడ గీ పట్టింపులున్నయి. లేవని నేను చెప్పను. గని పిల్ల తల్లికి ఇష్టమైనంక నాదేమున్నది" అని, బొంత కొసను వేళ్ళ మధ్య నలిపి చూసింది. మెత్తగున్నదే అంది. ఆమెతో వచ్చిన ఒక ముసలామె మాత్రం కొంగు సర్దుకుని బయటికి వెళ్ళి జీపులో కూర్చుంది. భోజనాల వేళకు ఎవరూ పిలవకుండానే తిరిగి వచ్చింది.

సుగుణ తొట్టెలలో బొంత పరిచింది. నాలుగు కొసలూ లాగి ముడత లేకుండా సర్దింది. శ్రీలత పిల్లను దాని మీద పడుకోబెట్టింది. పాట మళ్ళీ ఎత్తుకున్నారు. రామిని లోపలికి రమ్మని శ్రీలత పిలిస్తే, వరండాలో నిలబడ్డ ఆమె కాళ్ళు కడుక్కుని వచ్చి సుగుణ పక్కన నిలబడింది. సుగుణ కెమెరా తెచ్చి తొట్టెలనూ పిల్లనూ ఫొటోలు తీసింది. అప్పుడు పుష్పలీల ముందుకొచ్చింది.

"ఎప్పుడూ నువ్వే తీస్తవు. నువ్వున్న ఫొటో ఒక్కటన్న ఉన్నదా? కెమెరా రామికియ్యి" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి.

నిజమే. దామోదర్ పోయాక సుగుణను ఎవరూ ఫొటో తీయలేదు. ఎక్కడ నొక్కాలో ఆమె చూపిస్తే రామి ఊపిరి బిగబట్టి నొక్కింది. ఆ ఫొటో కాస్త పక్కకు ఒరిగింది. రఘునాథ్ తల సగమే పడింది. సత్తెమ్మ కళ్ళు మూసుకుంది. తొట్టెల తాడు పట్టుకుని వదినె పక్కన నిలబడ్డ సుగుణ మాత్రం స్పష్టంగా నవ్వుతూ ఉంది.

ఒక్క రోజులో లోకం మారిపోలేదు. ఊళ్ళో కొందరు చెవులు కొరుక్కున్నారు. పాపకు ఒక రాత్రి కడుపునొప్పి వస్తే పక్కింటామె బొంత మాట ఎత్తనే ఎత్తింది. శ్రీలత వాము నీళ్ళు పట్టించి, బొంతను అక్కడే ఉంచింది. పొద్దున్నే పిల్ల దానిమీద కాళ్ళాడిస్తూ ఆడుకుంది. కొద్ది రోజులకు వెనక వీధి నుంచి నిండు చూలాలు ఒకామె అమ్మమ్మ పాత చీరలు పట్టుకుని సుగుణ దగ్గరికి వచ్చింది. ఆ వెంటనే ఇంకొకరు వచ్చారు. మధ్యాహ్నాలు పెరటి వరండా నిండిపోయేది. సుగుణ కొత్తవాళ్ళకు పొరలు వేయడం చూపిస్తే, రామి అంచు కుట్టడం చూపించేది. సత్తెమ్మ కూడా కళ్ళద్దాలు తుడుచుకుని, ఇన్నేళ్ళ తర్వాత సూది చేతిలోకి తీసుకుంది. పూర్తయిన ప్రతి బొంతకూ కొట్టం నీడ అంచున ఫొటో తప్పేది కాదు. ఎవరు పట్టుకుని నిలబడాలని చిన్న చిన్న పోట్లాటలు కూడా జరిగేవి.

ఒకనాడు పొద్దున రఘునాథ్ శిబిరానికి బయల్దేరాడు. ఆయన బయటికి వెళ్తుంటే సుగుణ ఇప్పుడు వెనక గదిలోకి పోవడం లేదు, అక్కడే కూర్చుని కుడుతోంది. ఆయన చెప్పులు వేసుకుని మళ్ళీ ఆగి, తల్లి పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"అవ్వా, రోజు మాట్లాడినట్టు మాట్లాడుటానికి నోరు వస్తలేదు. ఇయ్యాల ఏం చెప్పాలె?" అన్నాడు.

సత్తెమ్మ కుట్టు ఆపింది. కూతురి వైపు చూసింది, కొడుకు వైపు చూసింది.

"పోరాటం ఆపకు బిడ్డా, మర్యాద అడుగుడు ఆపకు. గని ఇంట్ల ఇయ్యని మర్యాదను బయట అడిగే హక్కు ఎవలికీ లేదు. ముందుగాల ఇంట్ల ఇయ్యుండ్రి, ఆ తర్వాత గొంతెత్తి అడుగుండ్రి అని చెప్పు."